ఆప్షన్లు అమ్మితే నెల జీతం రాదు

తెలుగు యూట్యూబ్ చానళ్లలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కొన్నేళ్లుగా ఒక మాట బలంగా నాటుకుపోయింది. ఆప్షన్ కొనేవాడు పోగొట్టుకుంటాడు, అమ్మేవాడు సంపాదిస్తాడు అన్నదే ఆ మాట. ఎక్కువ ఆప్షన్లు గడువు ముగిసే రోజు (ఎక్స్‌పైరీ) నాటికి సున్నా అయిపోతాయి కాబట్టి లెక్క అమ్మేవాడి వైపే ఉంటుందంటారు. ఐదు లక్షలు మార్జిన్‌గా పెట్టి నెలకు మూడు నాలుగు శాతం తీస్తే పదిహేను, ఇరవై వేలు వస్తాయి. పెట్టుబడి పెరిగితే ఆదాయమూ పెరుగుతుంది, రెండేళ్లలో ఉద్యోగం మానేయొచ్చు. ఇందుకు ఒక కోర్సు, ఒక లాప్‌టాప్, కాస్త క్రమశిక్షణ ఉంటే చాలని చెబుతారు. ఇంజనీరింగ్ చదివి క్యాంపస్ ఉద్యోగం దొరకని కుర్రాడికి గానీ, పద్నాలుగు గంటల షిఫ్టుతో విసిగిపోయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి గానీ ఇంతకంటే ఊరటనిచ్చే మాట మరొకటి లేదు.

ఈ మాట తప్పు. అందులో సగం నిజం ఉంది కాబట్టి పచ్చి అబద్ధం కంటే ఎక్కువ చేటు చేస్తోంది. ముందు ఆ సగం నిజాన్ని ఒప్పుకుని, మిగతా సగాన్ని ఖండించాలి.

ఆప్షన్ ధర ముఖ్యంగా ఒక అంచనా మీద నిలబడి ఉంటుంది. రాబోయే రోజుల్లో సూచీ ఎంత ఊగిసలాడుతుందన్నదే ఆ అంచనా. దాన్నే వొలటాలిటీ అంటారు. ఎన్‌ఎస్‌ఈ 2008లో మొదలుపెట్టిన ఇండియా విక్స్ ఈ అంచనాను ఏడాది లెక్కన శాతంలో చూపిస్తుంది. విక్స్ 16 దగ్గర ఉందంటే నిఫ్టీ రోజుకు దాదాపు ఒక శాతం అటూ ఇటూ కదలవచ్చని ఆప్షన్ల ధరలు చెబుతున్నట్టు. ప్రపంచంలోని పెద్ద మార్కెట్లన్నిటిలోనూ చాలాకాలంగా కనిపిస్తున్న సంగతి ఏమిటంటే, ఈ అంచనా సగటున అసలు కదలిక కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. జనం భయానికి ఖరీదు కడతారు, ఆ ఖరీదు అమ్మేవాడి చేతికి వస్తుంది. ఇంతవరకు కోచింగ్ సెంటర్ చెప్పేది సరైనదే.

అయితే ఆ డబ్బు ఎందుకు వస్తోందని ఆ క్లాసులో ఎవరూ అడగరు. ఇతరుల ప్రమాదాన్ని నెత్తికెత్తుకున్నందుకు వస్తోంది. ఆప్షన్ అమ్మేవాడు బీమా కంపెనీ పని చేస్తున్నాడు. నిజమైన బీమా కంపెనీ వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు రకాల లక్షల పాలసీలు అమ్ముతుంది. పెద్ద నష్టాలను రీఇన్సూరెన్స్ కంపెనీలకు బదిలీ చేస్తుంది. తప్పనిసరిగా ఉంచాల్సిన సాల్వెన్సీ మార్జిన్‌కు ఒకటిన్నర రెట్లు నిధులు చేతిలో ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ఇంట్లో కూర్చుని నిఫ్టీ స్ట్రాడిల్ (ఒకే ధర దగ్గర కాల్, పుట్ ఆప్షన్లు రెండూ) అమ్మేవాడికి ఇవేవీ లేవు. అతడు సముద్రం ఒడ్డున ఉన్న ఒకే ఊళ్లోని ఇళ్లన్నిటికీ తుఫాను బీమా అమ్మి, వచ్చిన ప్రీమియంతో ఇంటి ఖర్చులు గడుపుతున్నవాడు. తుఫాను రాని నెలలన్నీ లాభమే. వచ్చిన రోజున ఊరంతా ఒకేసారి అతడి గుమ్మం ముందు నిలబడుతుంది.

2024 జూన్ మొదటి వారంలో అదే జరిగింది. జూన్ 1న లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం, జూన్ 3న నిఫ్టీ 3.25 శాతం ఎగిరి 23,264 దగ్గర ముగిసింది, సూచీ పెరిగితే విలువ పెరిగే కాల్స్ అమ్మినవాళ్లకు దెబ్బ తగిలింది. మర్నాడు అసలు ఫలితాలు వచ్చాయి. నిఫ్టీ ఒక దశలో 21,281కి జారి, చివరికి 5.93 శాతం నష్టంతో 21,884 దగ్గర ఆగింది. విక్స్ 30 దాటింది. ఈసారి సూచీ పడితే విలువ పెరిగే పుట్స్ అమ్మినవాళ్ల వంతు. రెండే రోజుల్లో రెండు వైపులా అమ్మకందార్లు నలిగిపోయారు. జూన్ 5న సూచీ మూడు శాతానికి పైగా తేరుకుంది, విక్స్ 19 దగ్గరికి దిగింది. అప్పటికే మార్జిన్ చాలక పొజిషన్లు కోల్పోయినవారికి ఆ తేరుకోవడం ఉపయోగపడలేదు.

దీన్ని ఒక లాట్ మీద లెక్కేసి చూడవచ్చు. జూన్ 3 సాయంత్రం ఒకరు 23,250 స్ట్రాడిల్ అమ్మి, రెండు వైపులా కలిపి 700 పాయింట్ల ప్రీమియం తీసుకున్నారనుకుందాం. అప్పటి లాట్ 25 కాబట్టి గరిష్ఠంగా రాగల లాభం 17,500 రూపాయలు. మర్నాడు సూచీ 21,281 తాకినప్పుడు ఒక్క పుట్ అసలు విలువే 1,969 పాయింట్లు. ప్రీమియం పోను 1,269 పాయింట్ల నష్టం, అంటే 31,725 రూపాయలు. ఆ భయంలో ఆప్షన్ ధరకు తోడయ్యే అదనపు విలువను ఇందులో కలపలేదు. 2024 నవంబర్‌లో వచ్చిన 75 లాట్ లెక్కన అదే నష్టం 95,000 దాటుతుంది. నెలల తరబడి వారం వారం కూడబెట్టుకున్నది ఒక్క ఉదయంలో పోతుంది.

ఇక్కడ క్లాసు నుంచి జవాబు సిద్ధంగా ఉంటుంది: స్టాప్‌లాస్ పెట్టుకోవాలి, క్రమశిక్షణ ఉండాలి. స్టాప్‌లాస్ మార్కెట్ నడుస్తున్నప్పుడే పనిచేస్తుంది. రాత్రి మూసి ఉన్నప్పుడు పనిచేయదు, తెల్లారి సూచీ గ్యాప్‌డౌన్‌తో తెరుచుకుంటే పెట్టుకున్న ధర దగ్గర కొనేవాడూ అమ్మేవాడూ ఉండరు. 2020 మార్చి 13న నిఫ్టీ తెరిచిన కొద్ది నిమిషాల్లోనే పది శాతం పడి, ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగిపోయింది. తర్వాత అదే రోజు సూచీ లాభంతో ముగిసింది. ఆ ఉదయం స్టాప్‌లాస్ తగిలినవాడు కింద పుట్ నష్టంతో బయటపడ్డాడు, తిరిగి కాల్ అమ్మినవాడు పైన నష్టపోయాడు. పది రోజులకు, మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో దాదాపు 13 శాతం పడింది, విక్స్ 70 దాటింది. ఎంత క్రమశిక్షణ ఉన్నా ఆ రోజున కొనేవాడిని పుట్టించలేదు.

రెండో జవాబు హెడ్జింగ్. దూరపు ఆప్షన్లు కొని ఐరన్ కాండోర్ కట్టుకుంటే నష్టానికి హద్దు ఉంటుందంటారు. హద్దు ఉంటుంది, నిజమే. ఆ హద్దు కోసం ఎంత కట్టాలో కూడా చెప్పాలి కదా! 200 పాయింట్ల వెడల్పు కాండోర్‌లో 40 పాయింట్ల ప్రీమియం చేతికి వస్తే గరిష్ఠ నష్టం 160 పాయింట్లు. ఎక్స్‌పైరీ దాకా ఉంచేవాడికి వచ్చేది పూర్తి లాభం, పోయేది పూర్తి నష్టం అనుకుంటే, నూటికి ఎనభై సార్లు గెలిస్తే గానీ అసలు నిలవదు. అది కూడా ఖర్చులు లెక్కేయకముందు. అదే 75 లాట్ మీద గరిష్ఠ లాభం 3,000 రూపాయలు. నాలుగు కాళ్ల పొజిషన్‌ను కట్టి, గడువుకు ముందే విప్పడానికి ఎనిమిది ఆర్డర్లు కావాలి. ఆర్డరుకు 20 రూపాయల చొప్పున బ్రోకరేజీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 190 రూపాయలు. ఆపైన ఎక్స్ఛేంజి రుసుములు, స్టాంపు సుంకం, అమ్మిన ప్రీమియం మీద 2024 అక్టోబర్‌లో 0.0625 నుంచి 0.1 శాతానికి పెరిగిన సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్. వీటన్నిటి కంటే పెద్దది, కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య ప్రతి కాలు దగ్గరా వదులుకునే తేడా. భయానికి జనం అదనంగా చెల్లించే ఆ కాస్త డబ్బు చిన్న అమ్మకందారుకు చేరేలోపే దారిలో కరిగిపోతుంది.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలు ఇదే చెబుతున్నాయి. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ)లో ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. లావాదేవీల ఖర్చులకే వాళ్లు సుమారు 50,000 కోట్లు చెల్లించారు. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు ఒక్క శాతమే. లక్ష అంటే ఏడాదికి జీతం కూడా కాదు, మూడేళ్ల మొత్తం. 2024–25లోనూ 91 శాతం మంది నష్టపోయారు. ఆ ఏడాది వ్యక్తుల నికర నష్టం అంతకుముందు ఏడాది కంటే 41 శాతం పెరిగి 1,05,603 కోట్లకు చేరింది.

ఈ అంకెలను చూపిస్తే, ఇవన్నీ కొనేవాళ్ల నష్టాలని, అమ్మేవాళ్లు వేరని వాదించేవారున్నారు. అమ్మేవాళ్లు వేరే గానీ, వాళ్లలో గెలిచేవాళ్లు ఇళ్లలో లేరు. 2023–24లో ఖర్చులకు ముందు వ్యక్తులు, ఇతరులు కలిసి 61,000 కోట్లు పోగొట్టుకుంటే, బ్రోకింగ్ సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలకు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులకు 28,000 కోట్లు లాభం వచ్చింది. ఆ లాభాల్లో 96, 97 శాతం అల్గారిథమ్‌లతో ట్రేడ్ చేసే సంస్థలవే. ఎదుటి పక్షంలో ఎవరున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎక్స్ఛేంజి సర్వర్ల పక్కనే తమ సర్వర్లు పెట్టుకుని, ప్రతి స్ట్రైక్‌లోని ఆప్షన్ ధరను ప్రతి క్షణం తిరగరాసే సంస్థలవి. వాటికి ఒక ట్రేడ్‌లో పైసల లాభం చాలు, రోజుకు లక్షల ట్రేడ్లు చేస్తాయి. ఫోన్‌లో చార్టు చూసి స్ట్రాడిల్ అమ్మే మనిషి వాటితో పోటీకి దిగుతున్నాడు.

ఆ పోటీ ఏ స్థాయిలో జరుగుతుందో 2024 జనవరి 17 చెబుతుంది. అమెరికా సంస్థ జేన్ స్ట్రీట్ ఆ ఉదయం బ్యాంక్ నిఫ్టీ షేర్లు, ఫ్యూచర్లు దాదాపు 4,370 కోట్ల రూపాయలకు కొని సూచీని పైకి నెట్టిందని, అదే సమయంలో ఆప్షన్లలో అంతకు ఎన్నో రెట్ల వ్యతిరేక పొజిషన్ కట్టిందని, తర్వాత కొన్నవి అమ్మి సూచీ పడుతుంటే ఆప్షన్లలో 700 కోట్లకు పైగా సంపాదించిందని సెబీ 2025 జులై 3 నాటి మధ్యంతర ఉత్తర్వులో ఆరోపించింది. 4,843 కోట్ల రూపాయలను జప్తు చేయాలని ఆదేశించింది. ఆ సంస్థ ఆరోపణలను తోసిపుచ్చి అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు ఎటైనా రావచ్చు, ఆ ఉత్తర్వు బయటపెట్టిన ఇంకో అంకెలో మాత్రం వివాదం లేదు. ఆ రోజు బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్ల టర్నోవర్ దాని కింద ఉన్న షేర్ల నగదు టర్నోవర్‌కు 350 రెట్లు పైనే. ఇలాంటి చోట సపోర్ట్, రెసిస్టెన్స్ గీతలు గీసుకుని నెలజీతం తీస్తామనడం ఆత్మవిశ్వాసం కిందికి రాదు. ఎదురుగా ఉన్నదెవరో తెలియకపోవడం వల్ల వచ్చే ధైర్యం అది.

నూటికి ఒక్కరైనా నెగ్గుతున్నారు కదా, కష్టపడితే ఆ ఒక్కరూ మనమే కావచ్చు అనేది యువతను అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న వాదన. దీన్ని కాస్త ఓపిగ్గా విప్పాలి.

ఆప్షన్ అమ్మకం స్వభావమే చాలాకాలం గెలుస్తున్నట్టు కనిపించడం. ఒక పద్ధతిలో ఏ ఏడాదైనా పెద్ద దెబ్బ తగలకుండా గట్టెక్కే అవకాశం 80 శాతం అనుకుందాం. ఎవరి దెబ్బ వారిదే అనుకున్నా, వెయ్యి మంది మొదలుపెడితే నాలుగేళ్ల తర్వాత 410 మంది రికార్డు మచ్చ లేకుండా ఉంటుంది. వాళ్లలో ఒక్కరికీ నైపుణ్యం లేకపోయినా లెక్క ఇదే. నిజానికి మార్కెట్ అందరికీ ఒకటే. అందువల్ల నాలుగేళ్లు ప్రశాంతంగా గడిస్తే వెయ్యి మందీ నిపుణుల్లా కనిపిస్తారు, ఐదో ఏడు ఒకే ఉదయం అందరూ కలిసి పడతారు. కాబట్టి స్క్రీన్‌షాట్‌లో ఆకుపచ్చ అంకె, రెండేళ్ల లాభాల పట్టిక, తొంభై శాతం గెలుపు రేటు వంటివి అమ్మకందారు నైపుణ్యానికి రుజువు కావు. ఈ వ్యాపారంలో గెలుపు రేటు ఎక్కువ ఉండటం మామూలు సంగతి. ఓడిన రోజున ఎంత పోయిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

అనుభవంతో అంతా నేర్చుకుంటారన్న నమ్మకానికీ ఆధారం లేదు. బ్రెజిల్ సూచీ ఫ్యూచర్లలో 2013–2015 మధ్య డే ట్రేడింగ్ మొదలుపెట్టినవారి మీద ఆ దేశ ఆర్థికవేత్తలు అధ్యయనం చేశారు. 300 రోజులకు పైగా పట్టు వదలకుండా ట్రేడ్ చేసినవారిలో 97 శాతం నష్టపోయారు. దేశంలోని కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించినవారు 1.1 శాతం. అది ఫ్యూచర్ల మార్కెట్, ఇది ఆప్షన్లది. ఎక్కువకాలం ఉండటమే గెలుపు నేర్పుతుందన్న నమ్మకం మాత్రం అక్కడ కూలిపోయింది. మన దగ్గర వరుసగా రెండేళ్లు నష్టపోయినవారిలో మూడొంతులకు పైగా మూడో ఏడూ కొనసాగారని సెబీ తేల్చింది. పట్టుదల అన్ని రంగాల్లోనూ గొప్ప గుణమే, ఇక్కడ మాత్రం అది నష్టాన్ని పొడిగించే సాధనమైంది.

చదువు, తెలివి, పెద్ద పెట్టుబడి ఉన్నవాళ్లు కూడా ఇదే గోతిలో పడ్డారు. సింగపూర్‌లో బేరింగ్స్ బ్యాంకు ట్రేడర్ నిక్ లీసన్ జపాన్ నిక్కీ సూచీ మీద స్ట్రాడిల్స్ అమ్ముతూ పోయాడు. 1995 జనవరి 17న కోబెలో భూకంపం వచ్చింది, సూచీ పడింది, నిలబెట్టుకోవాలని అతడు ఫ్యూచర్లు ఇంకా ఇంకా కొన్నాడు. 82.7 కోట్ల పౌండ్ల నష్టంతో, 1762 నుంచి ఉన్న ఆ బ్యాంకు కూలిపోయి, ఒక్క పౌండుకు డచ్చి సంస్థ ఐఎన్‌జీ చేతికి వెళ్లింది. ఆప్షన్ల ధర సిద్ధాంతానికి 1997లో నోబెల్ అందుకున్న మైరన్ స్కోల్స్, రాబర్ట్ మెర్టన్ భాగస్వాములుగా ఉన్న ఎల్‌టీసీఎం ఫండ్ మరుసటి ఏడాదే 460 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. అందులో దాదాపు 130 కోట్లు షేర్ సూచీల వొలటాలిటీ అమ్మకాల మీద పోయినవే. 2018 ఫిబ్రవరి 5న అమెరికా విక్స్ ఒక్క రోజులో 17 నుంచి 37కు ఎగిసింది. వొలటాలిటీ తగ్గుతుందని పందెం కాసే ఎక్స్‌ఐవీ అనే నోటు 96 శాతం విలువ కోల్పోయి మూతపడింది.

అదే ఏడాది నవంబర్‌లో ఫ్లోరిడాలో జరిగింది మన కోచింగ్ సెంటర్లకు మరీ దగ్గరి కథ. జేమ్స్ కోర్డియర్ ఆప్షన్ అమ్మకం మీద పుస్తకం రాసినవాడు, ఆ పనికే సంస్థ నడిపాడు. సహజ వాయువు ధర ఒక్క రోజులో దాదాపు 18 శాతం పెరిగేసరికి అతడు అమ్మిన కాల్స్ ఖాతాదార్ల సొమ్మును మింగేశాయి. కొందరు పెట్టుబడి మొత్తం పోగొట్టుకున్నాక బ్రోకర్‌కు ఎదురు బాకీ పడ్డారు. పద్ధతి తెలియక వచ్చిన నష్టం కాదిది. పద్ధతి మీద పుస్తకం రాసినవాడికే జరిగింది.

మరి క్లాసు చెప్పేవాళ్లు ఎలా బతుకుతున్నారు? దీనికి సెబీ 2023 అక్టోబర్ ఉత్తర్వు ఒక జవాబు ఇస్తుంది. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో ఒక వ్యక్తి కోర్సులు అమ్మి, ట్రేడింగ్ సలహాలిచ్చి వసూలు చేసిన 17 కోట్లకు పైగా సొమ్మును జప్తు చేయాలని సెబీ ఆదేశించింది. భారీ లాభాలు ఖాయమని ప్రచారం చేసిన ఆ వ్యక్తి సొంత ట్రేడింగ్‌లో రెండున్నరేళ్లలో 2.89 కోట్లు నష్టపోయాడని అదే ఉత్తర్వు చెప్పింది. బోధకులందరూ ఇలాంటివారే అనడం అన్యాయం. కానీ ట్రేడింగ్‌లో నష్టం, బోధనలో లాభం ఒకే మనిషి దగ్గర హాయిగా కలిసి ఉండగలవని దీంతో రుజువైంది. కోర్సు ఫీజు ట్రేడింగ్ ఆదాయానికి సాక్ష్యం కాదు.

నష్టం ఎవరి నెత్తిన పడుతోందో చూస్తే కోపం వస్తుంది. 2023–24లో ఎఫ్ అండ్ ఓ ట్రేడర్లలో ముప్పై ఏళ్ల లోపువారు 43 శాతం, అంతకుముందు ఏడాది వాళ్లు 31 శాతమే. నూటికి డెబ్బై ఐదు మందికి పైగా ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపని ప్రకటించుకున్నవారు. 72 శాతం మంది దేశంలోని మొదటి ముప్పై నగరాల అవతలివారు. అంటే చిన్న పట్టణాల్లోని కుటుంబాల పొదుపు ఇది. తండ్రి పీఎఫ్ సొమ్ము, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు, యాప్‌లో తీసుకున్న పర్సనల్ లోన్ ఇందులో ఉన్నాయి. డబ్బుతో పాటు కాలమూ పోతోంది. ఇరవై రెండు నుంచి ఇరవై ఆరేళ్ల మధ్య నాలుగేళ్లు గదిలో ఎక్స్‌పైరీలు చూస్తూ గడిపినవాడికి అనుభవ పత్రం ఇచ్చేవారు లేరు, తప్పు దిద్దే పైవారు లేరు, ఆ నాలుగేళ్లను జీతంగా లెక్కగట్టే సంస్థ లేదు.

అయితే దీనికి పూర్తిగా ఎదురు నిలిచిన అభిప్రాయం కూడా సరికాదు. ఆప్షన్లంటేనే జూదం, మొత్తంగా నిషేధించాలనే పెద్దలున్నారు. ఆ ప్రయోగం ఈ దేశంలో జరిగింది. 1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టం 20వ సెక్షన్ షేర్ల ఆప్షన్లను నిషేధించింది. అయినా ‘తేజీ–మందీ’ పేరుతో అవి చీకటి బజారులో నడిచాయి. 1995లో ఆ సెక్షన్‌ను తొలగించారు, 2001 జూన్ 4న ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లు మొదలయ్యాయి. మ్యూచువల్ ఫండ్‌కో, ఎగుమతిదారుకో, నూనె మిల్లుకో ధరల ప్రమాదం నుంచి రక్షణ నిజంగా అవసరం. ఆ రక్షణకు ధర చెప్పగలిగేవారూ అవసరమే. వొలటాలిటీ ట్రేడింగ్ గౌరవప్రదమైన వృత్తి. దాని చిరునామా వేరు, అంతే.

ఆ వృత్తి ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఇంట్లో ట్రేడింగ్‌కూ దానికీ పోలికే ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1986లో పుట్టిన ఆప్టివర్, అమెరికాలోని సస్క్వెహానా వంటి మార్కెట్ మేకింగ్ సంస్థల్లో ట్రేడర్ రోజంతా కొనే ధర, అమ్మే ధర రెండూ చెబుతాడు. సూచీ ఎటు పోతుందన్నది అతడి పందెం కాదు. ఒక ఆప్షన్ అమ్మగానే సూచీ కదలికకు దాని ధర స్పందించే డెల్టాను ఫ్యూచర్లతో తటస్థం చేస్తాడు. మిగిలిన వేగాను (వొలటాలిటీ మారితే ధర మారే తీరు), గామాను (డెల్టా మారే తీరు) వేర్వేరు స్ట్రైక్‌లు, గడువుల మీద సర్దుతాడు. ఒకచోట ఖరీదుగా కనిపించిన వొలటాలిటీని అమ్మి, పక్కన చవకగా ఉన్నదాన్ని కొంటాడు. ఎంత పొజిషన్ తీసుకోవాలో అతడు నిర్ణయించుకోడు, రిస్క్ విభాగం నిర్ణయిస్తుంది. హద్దు దాటితే ఆ పొజిషన్‌ను కత్తిరించే అధికారం వేరొకరి చేతిలో ఉంటుంది. కొత్తగా చేరినవాడు సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకుని, చిన్న హద్దులతో మొదలుపెడతాడు. అతడు తప్పు చేస్తే నష్టం సంస్థది, పాఠం అతడిది. ఇంటి ట్రేడర్‌కు నష్టమూ తనదే, పాఠం చెప్పేవాడూ లేడు.

ఇలాంటి పనులు తెలుగువారికి అందనంత దూరంలో లేవు. గణిత పద్ధతులతో పెట్టుబడులు నడిపే డి.ఇ. షా 1996 నుంచే హైదరాబాద్‌లో పనిచేస్తోంది. గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, యూబీఎస్ వంటి ఆర్థిక సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. ముంబై, గురుగ్రామ్‌లలో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలున్నాయి. ట్రేడర్ కుర్చీ ఒక్కటే ఈ రంగం కాదు. ధరల మోడళ్లను పరీక్షించేవారు, రిస్క్ లెక్కలు కట్టేవారు, మార్జిన్ నియమాలు రాసే క్లియరింగ్ కార్పొరేషన్ ఉద్యోగులు, అక్రమాలను పసిగట్టే ఎక్స్ఛేంజి నిఘా సిబ్బంది, బీమా కంపెనీల ఆక్చువరీలు కూడా వొలటాలిటీతోనే జీవిస్తారు. వీటికి కావాల్సింది సంభావ్యత, గణాంక శాస్త్రం, ప్రోగ్రామింగ్. సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో చేసే స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ, కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌ల సీట్లు, జాన్ హల్, షెల్డన్ నాటెన్‌బర్గ్ పాఠ్య పుస్తకాలు, ఎన్‌ఐఎస్‌ఎం డెరివేటివ్స్ పరీక్ష, ఎఫ్‌ఆర్‌ఎం వంటివి దానికి దారులు.

అవన్నీ ఐఐటీ వాళ్లకేనని నిట్టూర్చేవారికి ఒక మాట చెప్పాలి. ట్రేడర్ ఉద్యోగాల విషయంలో అందులో చాలా నిజం ఉంది, పోటీ తీవ్రమైనదే. అయితే అలాంటి ఒక సంస్థ ప్రవేశ పరీక్షలో నెగ్గడం అసాధ్యమనిపించిన కుర్రాడు, మర్నాటి ఉదయం తొమ్మిదీ పావుకు అదే సంస్థ ట్రేడర్‌తో సొంత డబ్బు పెట్టి తలపడుతున్నాడు. పరీక్షలో ఓడితే ఒక రోజు పోతుంది. మార్కెట్‌లో ఓడితే ఇంట్లోవాళ్లు దాచుకున్నది పోతుంది.

సెబీ నిబంధనలు చిన్న ట్రేడర్ పొట్ట కొడుతున్నాయనే ఫిర్యాదూ తరచు వినిపిస్తోంది. 2024 నవంబర్ నుంచి కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచారు, ఒక్కో ఎక్స్ఛేంజికి ఒకే సూచీ మీద వీక్లీ ఎక్స్‌పైరీ మిగిల్చారు, ఎక్స్‌పైరీ రోజు ఆప్షన్ అమ్మేవారి మీద రెండు శాతం అదనపు మార్జిన్ విధించారు. 2025 జనవరిలో, బోధకులు పాఠాల్లో మూడు నెలల పాత ధరలనే వాడాలని తేల్చి చెప్పారు. వీటిలో ఏదీ గెలుస్తున్నవాడి ఆదాయాన్ని లాక్కోలేదు. 91 శాతం ఓడుతున్న చోట ప్రవేశం కష్టమైతే పొట్ట నిండుతుందే గానీ కాలదు. నిజానికి ఈ చర్యలు చాలవు. డెరివేటివ్స్ ఖాతా తెరిచే ముందు ఆ వ్యక్తి ఆదాయాన్ని, అవగాహనను నిజంగా పరీక్షించాలి. ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపు ఉన్నవారు ఆప్షన్లు అమ్మడానికి గట్టి హద్దు ఉండాలి. ట్రేడింగ్‌లో సంపాదిస్తున్నామని చెప్పి కోర్సు అమ్మేవారు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన నికర లాభనష్టాలను ప్రకటించడం తప్పనిసరి చేయాలి.

ఆ నిబంధన వచ్చేదాకా ఆ పని విద్యార్థులు, తల్లిదండ్రులే చేయవచ్చు. ఎఫ్ అండ్ ఓ లాభనష్టాలు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వ్యాపార ఆదాయం, వాటిని రిటర్నులో చూపించి తీరాలి. కాబట్టి అసలు రికార్డు స్క్రీన్‌షాట్‌లో ఉండదు, పన్ను రిటర్నులో ఉంటుంది. కోర్సులో చేరే ముందు బోధకుడిని కనీసం ఐదేళ్ల రిటర్నులు చూపించమనాలి. ఆ ఐదేళ్లలో 2024 జూన్ 4 కూడా ఉండాలి. కోర్సు ఆదాయాన్ని, ట్రేడింగ్ ఆదాయాన్ని విడదీసి చెప్పమనాలి. ఖర్చులు, పన్ను పోగా మిగిలింది అదే పెట్టుబడి మీద బ్యాంకు డిపాజిట్ ఇచ్చే వడ్డీ కంటే ఎంత ఎక్కువో లెక్కేయమనాలి. చూపించడానికి ఒప్పుకోని బోధకుడికి ఫీజు కట్టకూడదు. ఆ డబ్బుతో ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష రాయవచ్చు, నాటెన్‌బర్గ్ పుస్తకం కొనుక్కోవచ్చు, స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టవచ్చు. ఈ మూడూ కలిపినా చాలా కోర్సుల ఫీజులో చిన్న భాగమే అవుతుంది.